సగం ఇటుక, సగం చెక్క

పోయిన వారం లాయరమ్మను మెట్ల సగంలో నిలబెట్టి వదిలేశాను. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి, ఆ తర్వాత ఆవిణ్ని కిందికి దింపుతాను.

నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే మనిషిని. మా నాన్న తాపీమేస్త్రి. ఆయన తన చేతులతో కట్టి, నేను బడి చదువు ముగించిన ఏడాది అమ్మేసిన ఇల్లు ఇన్నాళ్ళకి మళ్ళీ అమ్మకానికొచ్చింది. ఇప్పటి యజమాని రిటైరైన డ్రాయింగు మాస్టారు. బ్యాంకు అప్పుతో దాన్ని కొందామని నేనూ మా ఆయనా నడుం కట్టాం. శనివారంలోగా బ్యాంకు సరేనంటే ఇల్లు మాది. లేదంటే సందు మొగలో కార్ల షెడ్డు నడిపే ఆసామి రొక్కం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. కొన్న మర్నాడే పడగొట్టించి షెడ్డు పెంచుకుంటానని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతున్నాడు. ఇల్లు చూసి రమ్మని బ్యాంకు పంపిన లాయరమ్మ గురువారం పొద్దున వచ్చి, కింది గదులన్నీ చూసి, మేడమెట్లు ఎక్కుతూ సగంలో తడబడింది. రెయిలింగు పట్టుకుని నిలదొక్కుకుని, కళ్ళజోడు సర్దుకుని, "ఈ మెట్లు ఎవరివి?" అని అడిగింది. అక్కడ ఆపాను.

ఇదేం ప్రశ్న అనిపించింది నాకు. ఇంటి మెట్లు ఇంటివాళ్ళవి కాక ఊళ్ళోవాళ్ళవవుతాయా? ఆ మాట పైకే అన్నాను, కాస్త విసురుగానే అన్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. చేతిలో ఉన్న స్థలం పటం నా ముందు చాపి, వేలితో ఒక గీత చూపించింది. అది మాస్టారి స్థలానికీ పక్కింటివాళ్ళ స్థలానికీ మధ్య హద్దు. ఆ గీత తిన్నగా మెట్ల నడుమ నుంచి పోతోంది. కింది సగం ఇటుక మెట్లు మాస్టారి స్థలంలో ఉన్నాయి. మలుపు తిరిగాక పై సగం చెక్క మెట్లు మొత్తం పక్కింటివాళ్ళ స్థలంలో ఉన్నాయి.

"మేడగది మీరు కొంటున్నదాంట్లోనే ఉందండీ. ఆ గదికి వెళ్ళే దారి మాత్రం లేదు," అంది ఆవిడ, ఎంతో మర్యాదగా.

అసలు నేను ఆ ఇల్లు కొంటున్నదే ఆ మేడగది కోసం. వానాకాలం రాత్రుళ్ళు నేనూ మా చెల్లీ ఒకే దుప్పట్లో ముడుచుకుని పడుకున్న గది అది. కిటికీలోంచి చెయ్యి చాపితే పక్కింటి కిటికీ అందేది. ఆ కిటికీలోంచి ఎన్ని పుస్తకాలు, ఎన్ని పెన్సిళ్ళు, ఎన్ని గిల్లికజ్జాలు అటూ ఇటూ వెళ్ళాయో లెక్కలేదు. కింది గదుల మాట అడిగితే, అంతకన్నా మంచి గదులు నేను అద్దెకుంటున్న ఇంట్లోనే ఉన్నాయి.

ఆ మెట్ల సంగతి చెప్పకపోతే మీకు అర్థం కాదు. మా నాన్నా, పక్కింటి వడ్రంగి మావయ్యా చుట్టాలేం కాదు. ఒకే కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తూ స్నేహితులయ్యారు, పక్కపక్క స్థలాలు కొనుక్కున్నారు. రెండిళ్ళ గోడలూ మా నాన్న కట్టాడు. రెండిళ్ళ తలుపులూ కిటికీలూ మావయ్య చేశాడు. కూలి ఒకరు ఇచ్చిందీ లేదు, ఇంకొకరు పుచ్చుకుందీ లేదు. మేడ వేసేటప్పుడు, ఇంటికో మెట్ల వరస ఎందుకు, చోటు దండగ అనుకుని మధ్యలో ఒక్కటే వేశారు. కింది నుంచి మా నాన్న ఇటుక పేర్చుకుంటూ వచ్చాడు. పైనుంచి మావయ్య చెక్క దింపుకుంటూ వచ్చాడు. మామూలుగా ఒకరి పని అయ్యాక ఇంకొకరు మొదలుపెడతారు. వీళ్ళకి అంత ఓపిక ఎక్కడిది? ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి మలుపు దగ్గర కలుసుకునేసరికి, కలిసే చోట ఒక మెట్టు పొట్టిదైపోయింది. కొలత తప్పింది నువ్వంటే నువ్వని మేం అక్కడున్నంతకాలం వాదించుకుంటూనే ఉన్నారు, సరిచేద్దామని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

కొత్తవాళ్ళెవరొచ్చినా ఆ పొట్టి మెట్టు దగ్గర తడబడాల్సిందే. చిన్నప్పుడు ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే మేం పిల్లలందరం కింద చేరి, నోరు మూసుకుని, ఎప్పుడు తూలతారా అని కాచుకుని ఉండేవాళ్ళం. సాయంత్రం పూట మా అమ్మ చివరి ఇటుక మెట్టు మీద కూర్చునేది. వడ్రంగి మావయ్య భార్య, నేను అత్తయ్యా అని పిలిచే ఆవిడ, మొదటి చెక్క మెట్టు మీద కూర్చునేది. మధ్య మెట్టు పొట్టిది కావడంతో ఇద్దరి భుజాలూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండేవి. కూర తరుక్కుంటూ, చిరుగులు కుట్టుకుంటూ, మొగుళ్ళని ఆడిపోసుకుంటూ చీకటి పడేదాకా కూర్చునేవాళ్ళు. ఏ గిన్నె ఏ ఇంటిదో వాళ్ళకే తెలిసేది కాదు. ఆ నవ్వులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

ఇక డ్రాయింగు మాస్టారు ఈ ఇల్లు రొక్కం పెట్టి కొన్నారు. బ్యాంకు లేదు, లాయరు లేడు, పటం చూసినవాళ్ళు లేరు. మావయ్యతో ఆయనకి పొత్తు కుదిరింది, మెట్లు ఎక్కారు, దిగారు, అంతే. అడిగేవాళ్ళు లేక ఆ గీత ఇన్నాళ్ళూ ఉలుకూ పలుకూ లేకుండా కాగితంలోనే పడుకుని ఉంది.

లాయరమ్మను కిందికి దింపి మాస్టారి ముందుగదిలో కూర్చోబెట్టాం. మాస్టారు టీ పెట్టుకొస్తానని లోపలికి వెళ్ళారు. ఇంక మా ఆయన అందుకున్నాడు. ఆయన మందుల షాపులో పనిచేస్తాడు. డాక్టరు రాత ఒక్క అక్షరం తేడాగా కనబడినా ఫోను చేసి అడిగితే గాని మందు ఇవ్వడు. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది, అందుకే నేను ఆయన్ని ప్రశ్నపత్రం అంటాను. అసలు కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయని మొదలుపెట్టాడు. అప్పు తీరేదాకా బ్యాంకు దగ్గరే ఉంటాయనీ, నకళ్ళు మీరు దాచుకోవాలనీ లాయరమ్మ చెప్పింది. మధ్యలో అమ్ముకోవచ్చా అంటే, బ్యాంకుకి చెప్పి, వచ్చినదాంట్లో ముందు బ్యాంకు బాకీ తీర్చి అమ్ముకోవచ్చంది. భార్యాభర్తలిద్దరి పేరు మీదా అప్పు ఉంటే ఎవరి సగం వాళ్ళదేగా అన్నాడు. కాదు, ఇద్దరికీ మొత్తం బాధ్యతేనంది. ఒకరికేమైనా అయితే ఇంకొకరే అంతా కట్టాలంది. ఆయన నావైపు ఒకసారి చూశాడు. నా ఆరోగ్యం బాగానే ఉంది, కంగారుపడకు అన్నాను.

ఆఖర్న ఆయన అడిగింది మాత్రం నాకూ నచ్చింది. ఇంతకీ మీరు మా లాయరా, బ్యాంకు లాయరా అన్నాడు. బ్యాంకు లాయర్నేనని ఆవిడ దాపరికం లేకుండా చెప్పింది. బ్యాంకు మునగకుండా చూడటం తన పని అంది, మీరు మునగకుండా చూసుకోవాలంటే మీ తరఫున వేరే లాయరు ఉండాలంది. తన కూతురి వయసున్న ఆ పిల్ల అంత ముక్కుసూటిగా చెప్పేసరికి ఆయనకి ఎంత ముచ్చటేసిందో, అక్కణ్నుంచి ఏం చెప్పినా తలూపడం మొదలుపెట్టాడు.

నాకు ఆ ఓపిక లేదు. ఇన్నేళ్ళుగా ఎక్కుతూ దిగుతూ ఉన్న దారి మాది కాకుండా ఎలా పోతుందని నిలదీశాను. అడ్డు లేకుండా ఏళ్ళ తరబడి వాడుకున్న దారి మీద హక్కు వస్తుందనే మాట నిజమేనట. కానీ ఆ హక్కు ఉందని కోర్టుకెళ్ళి రుజువు చేసుకోవాలట. బ్యాంకు అంతకాలం ఆగదు. తగాదా ఉన్న ఇంటిని తాకట్టు పెట్టుకోదు. ఉన్నదొక్కటే మార్గం. పై సగం మెట్లు ఎవరి స్థలంలో ఉన్నాయో ఆ యజమాని, ఈ దారిలో మీరు నడవొచ్చని కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఇల్లు రిజిస్టరు చేసే రోజున దాన్నీ కలిపి రిజిస్టరు చేయించుకోవచ్చు. తన రిపోర్టు మాత్రం ఇవాళ సాయంత్రమే బ్యాంకుకి వెళ్ళాలి.

మరి సంతకం దొరక్కపోతే మేమిచ్చిన బయానా సంగతేంటని మా ఆయన అడిగాడు. మాస్టారితో ఒప్పందం రాసుకునే రోజున, దారీ హద్దుల్లో లోపం వల్ల బ్యాంకు కాదంటే బయానా తిరిగి ఇవ్వాలని మా ఆయనే పట్టుబట్టి ఒక వాక్యం రాయించాడు. ఆ రోజు పెద్దమనిషిని అనుమానిస్తావా అని ఆయన మీద కయ్యిమన్నాను. ఆ వాక్యం ఉంది కాబట్టి డబ్బు వెనక్కి వస్తుందంది లాయరమ్మ. ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను, పైకి అంటే నెత్తికెక్కి కూర్చుంటాడు. డబ్బు పోదు, ఇల్లు పోతుంది. నాకు పోకూడనిది అదే.

టీ తాగి, మాస్టారితో సహా అందరం లేచి పక్కింటికి బయల్దేరాం. రెండు గుమ్మాల మధ్య నాలుగడుగులు కూడా లేవు. ఆ నాలుగడుగులూ వెయ్యడానికి నా కాళ్ళు మొరాయించాయి. ఎంత మొండి కుర్రాడికైనా గేరు మార్చడం నేర్పిన దాన్ని, ఆ గుమ్మం ముందు నాకే గేరు పడలేదు. ఇల్లు చూడటానికి ఎన్నిసార్లు వచ్చినా ఆ తలుపు తట్టలేదు నేను. మేం ఊరు విడిచిన రోజు నుంచీ మా అమ్మకీ అత్తయ్యకీ మాటల్లేవు. నాన్న పోయినప్పుడు మావయ్య ఒక్కడే వచ్చి, గేటు బయటే కాసేపు నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఈ ఇల్లు కొంటున్నామని చెప్పినప్పుడు మా అమ్మ సంతోషించింది. ఆ ఇంట్లోకి వస్తాను గాని పక్కింటి గడప తొక్కను, నన్ను అడగొద్దు అని అదే నోటితో చెప్పింది.

మావయ్య ముందుగదిలోనే పని చేసుకుంటున్నాడు. బల్ల మీద ఏదో కుర్చీ కాలు బిగించి చిత్రిక పడుతున్నాడు. మనిషి చిక్కిపోయాడు. చేతులు మాత్రం అవే. తలెత్తి నన్ను చూశాడు. చూసి, చిత్రిక పక్కన పెట్టాడు.

"మేకూ," అన్నాడు.

చిన్నప్పుడు వాళ్ళింటికి వెళ్ళి కూర్చుంటే కొట్టిన మేకులా లేవనని నాకు ఆయన పెట్టిన పేరు అది. ఇన్నేళ్ళ తర్వాత ఆ పిలుపు వినేసరికి నాకు కళ్ళు చెమర్చాయి. డ్రైవింగు నేర్పే మనిషి అలా ఏడవకూడదు గాని ఏడ్చాను. మావయ్య చెక్కపొట్టు దులిపి ఒక్కొక్కళ్ళకీ ఒక్కో పీట వేశాడు. లోపలి గదిలో ఎవరో మసిలిన అలికిడి అయింది. ఎవరూ బయటికి రాలేదు.

వచ్చిన పని లాయరమ్మే చెప్పింది. మావయ్య శ్రద్ధగా విన్నాడు. బ్యాంకు వాళ్ళ దగ్గర ఇలాంటి వాటికి ముందే అచ్చువేసిన కాగితం ఉంటుందట, ఖాళీలు పూరించి మావయ్యకి ఇచ్చింది. ఆయనకి కళ్ళజోడు కనబడక మా ఆయన చదివి వినిపించాడు. నా స్థలములో ఉన్న, నాకు చెందిన మెట్ల మీదుగా పక్క ఇంటివారు రాకపోకలు సాగించుటకు దయతో అనుమతించుచున్నాను అని ఉంది అందులో.

మావయ్య ఇంకోసారి చదవమన్నాడు. ఇంకోసారి చదివాక తల అడ్డంగా ఊపాడు.

"ఇది నేను పెట్టను," అన్నాడు.

నేను నివ్వెరపోయాను. మావయ్య కాదంటాడని కల్లో కూడా అనుకోలేదు. మేం ఏదైనా తప్పుగా అడిగామా అన్నాను.

"నువ్వు కాదమ్మా. ఆ కాగితం తప్పుగా రాశారు. నాకు చెందిన మెట్లేంటి? మీ నాన్న కట్టిన ఇటుకల మీద కాలు పెట్టకుండా నేను ఒక్కనాడైనా మేడెక్కానా? ఆయన మెట్ల మీద నేను, నా మెట్ల మీద ఆయన. మధ్యలో ఈ దయ ఎక్కణ్నుంచి వచ్చింది? నేను దయతలిస్తే మీ నాన్న తన గదిలోకి వెళ్ళాడని రాసి, కింద నన్ను సంతకం పెట్టమంటారా?"

కోపం కాదు అది. మా నాన్న పోయినా సరే, ఆయన్ని తక్కువ చేసే ముక్క ఒక్కటి కూడా ఆ ఇంట్లోంచి బయటికి పోకూడదు, అదీ ఆయన పట్టుదల. నాకు దుఃఖం, గర్వం, విసుగు మూడూ కలిసి వచ్చాయి. సాయంత్రంలోగా సంతకం కావాలి, ఈయనేమో మాటల్లో దయ ఉందని అలిగి కూర్చున్నాడు.

లాయరమ్మ పటం తీసి మళ్ళీ చూసింది. తర్వాత, ఆయన చెప్పిందే న్యాయమండీ, న్యాయమే కాదు, చట్టం ప్రకారం కూడా అదే సరైనది అంది. వాళ్ళ పై సగం లేకపోతే మా మేడకి దారి లేనట్టే, మా కింది సగం లేకపోతే వాళ్ళ మేడకీ దారి లేదు. షెడ్డు ఆసామి ఇల్లు కొని ఇటుక మెట్లు పడగొట్టిస్తే మావయ్య వాళ్ళ మేడ గాల్లో మిగిలిపోతుంది. అందుకని ఒకరు ఇంకొకరికి ఇచ్చినట్టు కాకుండా, ఇద్దరూ ఒకరికొకరు రాసిచ్చుకున్నట్టు రాస్తే ఇద్దరికీ రక్షణ. మా తరఫున ఇప్పటి యజమాని కాబట్టి మాస్టారు సంతకం పెడతారు, ఆ హక్కు ఇంటితోపాటు మాకు వస్తుంది, ఆ తర్వాత ఇల్లు ఎవరి చేతిలోకి వెళ్ళినా వాళ్ళకీ వస్తుంది. అచ్చు కాగితం మడిచి సంచిలో పెట్టి, తెల్ల కాగితం తీసి అక్కడే రాయడం మొదలుపెట్టింది. ఇద్దరు మేస్త్రీలు కలిసి కట్టిన, ఇద్దరికీ సమానంగా చెందిన దారి అని ఆవిడ చదువుతుంటే మావయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. అలా రాయండి, అలా అయితే ఎన్నిసార్లయినా పెడతాను అన్నాడు.

మా ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. నేను మనసులో అప్పుడే మేడగది కిటికీకి రంగు వేయిస్తున్నాను. స్థలం మీ పేరు మీదే కదండీ అని లాయరమ్మ మాటవరసకి అడిగింది.

మావయ్య పెన్ను అందుకోబోయి ఆగాడు.

నా పేరు మీద కాదన్నాడు. ఆ రోజుల్లో ఆయన సొంతంగా కూడా పని పట్టి చేసేవాడు. పనిలో ఏ ఎదురుదెబ్బ తగిలినా ఇంటి జోలికి ఎవరూ రాకూడదని స్థలం భార్య పేరున రాయించాడు. ఇంటి పెద్ద మీరే కదా, మీరు పెడితే చాలదా అని మా ఆయన ఆశగా అడిగాడు. పత్రంలో ఎవరి పేరుంటే వాళ్ళే పెట్టాలనీ, మొగుడైనా సరే ఆవిడ రాసివ్వకుండా ఆవిడ తరఫున పెట్టడానికి లేదనీ లాయరమ్మ తేల్చేసింది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. అత్తయ్య గడప దగ్గర నిలబడింది. జుట్టంతా తెల్లబడింది, మోకాళ్ళ నొప్పులేమో, తలుపు పట్టుకుని ఉంది. అంతా విన్నదని ఆ మొహం చూస్తేనే తెలిసింది. నేను లేచి దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డంగా పెట్టింది.

"నేను పెట్టను," అంది.

మావయ్య ఏదో చెప్పబోతే మీరు ఉండండి అంది. షెడ్డువాడు కొంటే మీ మేడకే దారి ఉండదండీ అని లాయరమ్మ ఇంకోసారి చెప్పింది. మోకాళ్ళు పట్టేశాక ఆ మేడ తాను ఎక్కిందే లేదంది అత్తయ్య. ఉంటే ఎంత, పోతే ఎంత అంది. తర్వాత నావైపు తిరిగింది.

"నీ మీద నాకేం కోపం లేదే. నువ్వు చిన్నపిల్లవి అప్పుడు. మీ అమ్మ వచ్చి అడగాలి. నెలాఖరుకి వెళ్తామన్న మనుషులు. నేను మా చెల్లెల్ని చూసి సాయంత్రానికి తిరిగొచ్చేసరికి మీ గుమ్మానికి తాళం. ఒక్క మాట చెప్పలేదు నాతో. ఇరుగూ పొరుగూ వచ్చి ఎప్పుడెళ్ళారు, ఎక్కడికెళ్ళారు అని నన్నే అడుగుతుంటే, తెలీదని చెప్పుకుని తలదించుకున్నాను. ఆ మెట్ల మీద నేను మళ్ళీ కూర్చోలేదు. మీ అమ్మ వచ్చి, ఎందుకు చెప్పలేదో నా మొహం చూసి చెబితే సంతకం పెడతాను. లేకపోతే ఆ ఇల్లు ఎవరు కొనుక్కున్నా నాకొకటే."

ఆ రోజు నాకు బాగానే గుర్తుంది. నాన్న పరంజా మీంచి పడి నడుం విరిగి, మెట్లు ఎక్కలేక, పని చెయ్యలేక మంచాన ఉన్నాడు. నెలాఖరుకి వెళ్ళాలనుకున్నాం. మా అమ్మ పెద్దన్నయ్య వాళ్ళ ఊరి లారీ ఒకటి ఆ పొద్దున ఖాళీగా వెళ్తోందని తెలిసి, దొరికిందే చాలని సామానంతా అందులో ఎక్కించేశారు. నాన్నని పరుపుతో సహా ఎత్తి ఎక్కించారు. నేను గిన్నెల మూట మీద కూర్చుని అత్తయ్య కోసం వాళ్ళ వీధి గుమ్మం వైపే చూశాను. ఆవిడ రాలేదు. నాకు తెలిసింది అంతే.

మా అమ్మకి ఫోను చేశాను. మా అమ్మకి చెవులు సరిగ్గా వినబడవు, అందుకని అవతలివాళ్ళకీ వినబడదనుకుంటుంది. ఆవిడ ఫోన్లో మాట్లాడితే గదిలో ఉన్న అందరితో మాట్లాడినట్టే. సంగతంతా అరిచి చెప్పాను. ఆవిడ అంతకన్నా గట్టిగా అరిచింది.

"నేను చెప్పలేదా? నేనా? లారీ బయల్దేరుతుంటే ఆపమని, ఆ మెట్లన్నీ ఎక్కి వెళ్ళి వాళ్ళ మేడ తలుపు కొట్టాను. పిలిచాను. లోపల మనిషి ఉన్నట్టు నాకు తెలుస్తూనే ఉంది, నేల మీద అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు దాకా వచ్చి ఆగిపోయింది ఆ చప్పుడు. తియ్యలేదు. ఇల్లు అమ్ముకుని పోయేవాళ్ళతో ఏం పని అనుకుంది కాబోలు. పిలిచినా తలుపు తియ్యని మనిషి దగ్గరకొచ్చి ఇప్పుడు నేను అడుక్కోవాలా? ఇల్లు లేకపోతే పోయిందిలే, వచ్చెయ్యి నువ్వు."

ఫోను కట్టయింది. నేను చెయ్యి దించడం కూడా మర్చిపోయాను. మా ఆయన దగ్గర కూడా అడగడానికి ప్రశ్న లేదు.

నేను ఇంట్లో లేనే, అంది అత్తయ్య మెల్లగా. ఆ మాట మాలో ఎవరితోనూ అన్నట్టు లేదు. పొద్దున్నే పోయాను, సాయంత్రానికి గాని రాలేదు, ఇంట్లో లేను అని మళ్ళీ అంది. అలా అంటూ అంటూ ఆగిపోయింది. తల తిప్పి మావయ్య వైపు చూసింది.

మావయ్య పనిబల్లకి ఆనుకుని నిలబడ్డాడు. ఇందాక మా నాన్న మాట మీద ఈగ వాలనివ్వని మనిషి, ఇప్పుడు కళ్ళెత్తడం లేదు.

"తలుపు వెనకాల ఉన్నది నేను," అన్నాడు. "వాణ్ని అలా పరుపు మీద ఎత్తుకెళ్తుంటే కిటికీలోంచి చూశాను. తలుపు తీస్తే వెళ్ళొస్తాం అన్నయ్యా అంటుంది ఆవిడ. ఆ మాట విని తట్టుకోలేననిపించింది. గడియ మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాను. కాసేపు పిలిచి దిగిపోయింది."

"నేనొచ్చి అడిగాను మిమ్మల్ని. ఎవరైనా వచ్చారా అని గుమ్మంలోనే అడిగాను," అంది అత్తయ్య.

"ఎవరూ రాలేదన్నాను."

అత్తయ్య ఆయన్ని ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నాకు. ఇద్దరు ఆడవాళ్ళు ఇన్నేళ్ళపాటు ఒకరి మీద ఒకరు మోసుకు తిరిగిన కోపం ఆ గదిలో ఒక్క మాటతో ఖాళీ అయిపోయింది, దాని చోట ఏం పెట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు. నా ఏడుపు నేను ఆపుకోలేకపోయాను. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

తనకి చాలా బాధగా ఉందని, అయినా సాయంత్రంలోగా సంతకం లేకపోతే రిపోర్టులో మేడకి దారి లేదనే రాయాల్సి వస్తుందని లాయరమ్మ చెప్పింది. కాగితం బల్ల మీద, పెన్ను దాని పక్కన ఉన్నాయి. మావయ్య ఆ పెన్ను తీసి భార్య వైపు చాపాడు.

అత్తయ్య దాన్ని చూడను కూడా లేదు. గోడ పట్టుకుని మెల్లగా వంగి, తలుపు పక్కన చెప్పుల కోసం వెతుక్కుంటోంది.

"మేకూ, మీ అమ్మ ఉండేది ఇక్కణ్నుంచి ఎంత దూరమే?" అంది.